వాకిట్లో గొంతు

తిరుపతి
13-12-1944

చిరంజీవి ఆనందమ్మకు మామ గురప్ప ఆశీర్వదించి తన చేత్తోనే రాస్తున్నది.

నిన్న పొద్దున చెప్పకుండా బయలుదేరినందుకు ఏమీ అనుకోవద్దు. గొంతుకు వైద్యం చేయించుకోవాలని చాలా రోజులుగా ఉన్న సంగతి నీకు తెలుసు. పుత్తూరులో బొగ్గుతో నడిచే బస్సు దొరికింది. దారిలో రెండుసార్లు అందరం దిగి తోశాం. ఇక్కడ సుందరరాజు వంట చేసే సత్రంలో దిగాను. అతను మీ అత్తకు చిన్నాయన కొడుకు. నీ పెళ్ళిలో పప్పు మాడ్చింది అతనే.

ఎర్రావు ఈనే రోజులు దగ్గరపడ్డాయి. మన చేను పనులు చూసే ఎల్లప్పను రోజూ వచ్చి చూసిపొమ్మని చెప్పాను. కొట్టంలో మేతకు పేర్చిన శెనగకట్టె వానకు తడిసింది. ముందు అదే మేపించు.

వైద్యానికి ఎన్నాళ్ళు పడుతుందో తెలియదు. ఇది కార్డు. పోస్టు ఆయన చదివి, చావిడి దగ్గరివాళ్ళు విని, ఆ తరువాత నీ చేతికి వస్తుంది. కాబట్టి ఇంతే.

గురప్ప


ముద్దలకండ్రిగ
20-12-1944

మామగారి పాదాలకు కోడలు ఆనందమ్మ మొక్కి రాసుకున్న జాబు.

కార్డు అందింది. మీరు రాసినట్టే ముందు పోస్టు ఆయన చదివాడు. "మీ మామ గొంతు తిరుపతికి పోయినాదంట గదమ్మా. ఊరు సప్పుడు లేకుండా ఉండాది" అన్నాడు. చావిడి దగ్గర నవ్వారు.

నేను ఐదో తరగతి దాకా చదివినా మీకు ఎప్పుడూ జాబు రాయలేదు. మీ అబ్బాయికి రాసే వాటిలో కింద నమస్కారాలు మాత్రమే మీకు చూపించేదాన్ని. తప్పులుంటే క్షమించండి.

మా అమ్మ నన్ను కాపురానికి పంపేటప్పుడు చెప్పిన బుద్ధి ఒకటే. మామ వాకిట్లో గొంతు సవరిస్తే లేచి నిలబడాలి, కొంగు సర్దుకోవాలి, తలుపు పక్కకు తప్పుకోవాలి. అలాగే చేస్తూ వచ్చాను. పోయిన ఏడు కార్తీకంలో మీ గొంతుకు గరగరమనే ఈ గీర పట్టుకుంది. ఆవును కట్టేస్తూ సవరిస్తారు, గడ్డి వేస్తూ సవరిస్తారు, కొట్టంలో పడుకుని సవరిస్తారు. నేను ప్రతిసారీ లేచేదాన్ని. పొయ్యి మీద సంగటి అడుగంటేది. పాప దాన్ని ఆట చేసుకుంది. నా వెనక చేరి గొంతులో గరగరమనిపించి, "అమ్మా, లెయ్" అనేది. నేను లేస్తే చప్పట్లు కొట్టేది. పక్కింటి వరదమ్మ కూడా, "మీ మామ గొంతుకు లేస్తా కూసుంటా ఉంటే నీ మోకాళ్ళు అరిగిపోతాయమ్మీ" అంది.

ఈ ఎండాకాలం నుంచి లేవడం మానేశాను. మీరు గమనించే ఉంటారు. పెద్దవాళ్ళు నోరు తెరిచి అడగరు. ఆ సోమవారం జరిగినదానికి కూడా తప్పు నాది. దాన్ని గురించి రాయడానికి చెయ్యి రావడం లేదు. మీరు కోపంతో వెళ్ళారు. ఆ కోపం న్యాయమే.

ఎల్లప్ప తిరుపతి వస్తున్నాడని మీ సామాను మూట కట్టి ఇచ్చాను. అందులో శొంఠి మిరియాల పొడి ఉంది, తేనెలో కలుపుకోండి. పాపకు అత్తగారి పేరు పెట్టుకున్నాం కాబట్టి దాన్ని పేరుపెట్టి తిట్టలేను. మీరు లేకపోయేసరికి దానికి భయం లేకుండా పోయింది.

కోడలు
ఆనందమ్మ


తిరుపతి
27-12-1944

చిరంజీవి ఆనందమ్మకు.

మూట అందింది. కంబళి, రెండు పంచెలు, చెంబు, కళ్ళజోడు, నామాల పెట్టె. ఎల్లప్ప ఒక్కొక్కటే తీసి సత్రం అరుగు మీద పెడుతుంటే సుందరరాజు, "ఏందబ్బా, పెండ్లికూతురికి సారె మాదిరి వచ్చినాదే" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. నాలుగు రోజులు వైద్యానికి పోయినవాడికి ఎవరూ నామాల పెట్టె పంపరు. అది ఇంట్లో దేవుడి గూట్లో ఉండవలసింది. నాకు అర్థమయింది. నీ మీద కోపం లేదు. ఉన్నదని నువ్వు రాశావు గానీ, లేదు.

ఈసారి కవరు కొన్నాను కాబట్టి ఆ సోమవారం సంగతి రాస్తాను. తెల్లెద్దు కాలికి ముల్లు దిగింది. పెరటి గూట్లో ఉన్న ఆముదం సీసా కోసం వచ్చాను. వాకిట్లో గొంతు సవరించాను. పెరటి తలుపు దగ్గర మళ్ళీ సవరించాను. లోపల ఎవరూ కదలలేదు. లేరనుకున్నాను. గాలికి తడిక పడిపోయి ఉంది. నువ్వు నీళ్ళు పోసుకుంటున్నావు. నేను వెనక్కు తిరిగాను. చెయ్యి తగిలి సీసా పగిలింది. జరిగింది అంతే.

వరదమ్మ గోడ మీది నుంచి అన్న మాట కొట్టంలో నాకు వినిపించింది. "కొట్టంలో పండుకునే మొగోనికి పట్టపగలు పెరట్లో ఏం పనో! ఆ గొంతు దేనికి సవరిస్తా ఉండాడో ఇప్పుడు తెలిసినాది." నువ్వు బదులు చెప్పలేదు. చెబుతావేమోనని కాసేపు ఎద్దు కాలు పట్టుకుని కూర్చున్నాను. చెప్పవలసిన పని నీకు లేదు. అయినా ఎదురుచూశాను. అలా చూసినందుకు కూడా ఇప్పుడు సిగ్గుగా ఉంది. మరునాడు నీ ముఖం చూడలేక వచ్చేశాను. వైద్యం అన్నది ఒక సాకు.

సత్రంలో కూడా గొంతు ఊరుకోదు. యాత్రికుల్లో ఆడవాళ్ళు తమకోసమే సవరించాననుకుని, తింటున్న విస్తరి ముందు నుంచి లేచి నిలబడుతున్నారు. నిన్న ఒక ముసలామె, "యాడికి పోవాల నాయనా, చెప్పరాదా" అని అడిగింది. మరికొందరు క్షయ అనుకుంటున్నారు. నా గ్లాసు విడిగా బోర్లిస్తున్నారు. వాళ్ళను అనేదానికి లేదు. ఒక వైద్యుడి దగ్గర కషాయం తాగుతున్నాను. చేదు తప్ప గుణం లేదు.

నేను ఆలోచించుకున్నది ఇది. మీ అమ్మ ఆదిలక్ష్మమ్మను పిలిపించుకుని తోడు పెట్టుకో. ఈ ఏడు చేను ఎల్లప్ప కోరుకు చేసుకుని పంటలో మన పాలు ఇస్తాడు. కొండకు పోయేవాళ్ళ మూటలు చూసే పని అలిపిరి దగ్గర ఉందట. నాకు అది చాలు. ధనంజయ యుద్ధం ముగిసి పట్టాళం నుంచి వచ్చాక ఏదో ఒకటి చెప్పుకోవచ్చు.

గురప్ప


ముద్దలకండ్రిగ
3-1-1945

మామగారికి మొక్కి రాసేది.

కంబళి చలికి పంపాను. పొద్దున నామం పెట్టుకోకుండా మీరు గంజి ముట్టరని పెట్టె పంపాను. పరాయి ఊళ్ళో పస్తుంటారని భయపడ్డాను. మిమ్మల్ని పొమ్మని మూట కట్టేదాన్నా?

మీరు బదులు కోసం ఎదురుచూశారని నాకు తెలియదు. నిజం రాస్తాను. ఆ సోమవారం మీ గొంతు నాకు వినిపించింది. రెండుసార్లూ వినిపించింది. ఎప్పుడూ ఉండేదే అనుకుని ఊరుకున్నాను. సీసా పగిలిన చప్పుడుకు వరదమ్మ గోడ దగ్గరికి వచ్చింది. నేను తడి చీర చుట్టుకుని నిలబడ్డాను. ఆమె ఆ మాట అన్నప్పుడు మీ మానం నాకు గుర్తుకు రాలేదు, నాదే గుర్తుకు వచ్చింది. నేను ఒకటంటే ఆమె ఇంకొకటి అంటుందని, ఊరుకుంటే అక్కడితో ఆగుతుందని అనుకున్నాను. ఆగలేదు. "కోడలే ఊరుకునిందంటే ఏమో ఉండాది" అని బావి దగ్గర అనుకుంటున్నారట. ఎల్లప్ప భార్య చెప్పింది. అది విన్నాక కూడా నేను బావికి పొద్దెక్కాక, ఎవరూ లేనప్పుడు పోతున్నాను. ఇంతవరకూ ఒక్కరికీ జవాబు చెప్పలేదు. ఇది రాస్తుంటే నా చేతిని నేనే చూడలేకపోతున్నాను.

మా అమ్మను పిలవనక్కరలేదు. మాట అక్కడిదాకా పోయి తానే వచ్చింది. వాకిట్లో కాళ్ళయినా కడుక్కోకుండా, "మొగదిక్కు లేని కొంపలో నువ్వుండేది లేదు, పా" అంది. మామ వస్తాడన్నాను. "వచ్చేవోడైతే పోతాడా? పోయినాడంటే ఏమనుకోవాల మేము?" అంది. మాఘ పౌర్ణమి దాకా చూస్తుందట. అప్పటికి మీరు రాకపోతే నన్నూ పాపనూ తీసుకుని వెళ్తుంది. ఇంటికి తాళం పడుతుంది. నేను అలా వెళ్ళిపోతే వరదమ్మ మాట నిజమని నేనే ఒప్పుకున్నట్టు. మీరు మళ్ళీ ఈ ఊరికి రాలేరు.

మీ అబ్బాయి జాబు వచ్చింది. రెండు వరుసల మీద పట్టాళం వాళ్ళు సిరా పూశారు. మిగిలిన దాంట్లో, "నాయన గొంతు తగ్గినాదా? ఈసారి జాబులో నాయన చేతిరాత ఎందుకు లేదు?" అని అడిగారు. ఏమని రాయను?

ఎర్రావు పెయ్యదూడను ఈనింది. తల్లీ బిడ్డా బాగున్నాయి. కషాయం మానేసి ఇంగ్లీషు డాక్టరుకు చూపించుకోండి.

ఆనందమ్మ


తిరుపతి
10-1-1945

చిరంజీవి ఆనందమ్మకు.

నామాల పెట్టె సంగతిలో నేను తొందరపడ్డాను. దాన్ని మనసులో పెట్టుకోవద్దు.

నీ మాట ప్రకారం డాక్టరు దగ్గరికి పోయాను. సుందరరాజు కూడా వచ్చాడు. డాక్టరు చిన్నవాడే. రక్తం పడుతుందా, జ్వరం వస్తుందా అని అడిగాడు. లేదన్నాను. రొమ్ము మీద, వీపు మీద గొట్టం పెట్టి విన్నాడు. "క్షయ లేదు, ఏమీ లేదు. రొమ్ము రాయి మాదిరి ఉండాది" అన్నాడు. సుందరరాజు బయటికి పోయి, దారిన పోయేవాళ్ళకు కూడా వినిపించేటట్టు, "మా బావకు క్షయ లేదంటప్పో" అని అరిచాడు. ఆ సాయంత్రం నుంచి నా గ్లాసు అందరి గ్లాసులతో కలిపారు.

తరువాత డాక్టరు ముక్కులోకి దీపం వేసి చూశాడు. జబ్బు గొంతులో లేదట. ముక్కుకు అటూ ఇటూ ముఖం ఎముకల్లో చిన్న గదుల్లాంటివి ఉంటాయట. అవి వాచి, నీరు ముందుకు రాకుండా గొంతులోకి దిగుతున్నదట. అందుకే ఎంత సవరించినా పోదు. తనకు పడని దుమ్ము పీలిస్తే కొందరికి ఇలా అవుతుందన్నాడు.

"యాడ పండుకుంటావు?" అని అడిగాడు.

"కొట్టంలో సామీ."

"కొట్టంలో ఏముండాది?"

"పశువులు. తల పక్కన శెనగకట్టె."

"తడిసినాదా?"

"కార్తీకం వానకు తడస్తాది గదా."

"బూజు పట్టినాదా?"

"తడిస్తే పట్టకుండా ఉంటాదా సామీ."

"ఆ బూజే నీ జబ్బు. ఇల్లు లేదా నీకు?"

"ఉండాది."

"మరి కట్టెలో తలపెట్టి పండుకునేది దేనికయ్యా?"

పశువులకు కాపలా అని చెప్పాను. అబద్ధం. అసలు సంగతి నీకు కూడా ఎప్పుడూ చెప్పలేదు. మన ఇల్లు ఒక్క గది. ధనంజయ పట్టాళానికి పోయిన నాడు, వాణ్ణి రైలెక్కించి వచ్చి, ఆ సాయంత్రమే మంచం కొట్టంలోకి మార్చాను. మీ అత్త లేదు. వయసులో ఉన్న కోడలు, నేను, నాలుగేళ్ళ పాప. ఊరి నోట పడకూడదనుకున్నాను. ఆ కార్తీకంలోనే కట్టె దుమ్ము గొంతులో చేరింది. మాట రాకూడదని ఎక్కడికి పోయానో, మాట అక్కడి నుంచే వచ్చింది. డాక్టరు ఎదుట ఇది తట్టి, ఆయన తరువాత అడిగింది నాకు ఎక్కలేదు. ఆయన చెవుడనుకుని మళ్ళీ గట్టిగా అడిగాడు.

గోరువెచ్చని ఉప్పునీళ్ళు ముక్కుతో పీల్చి వదలమన్నాడు. రెండు పూటలా ఆవిరి పట్టమన్నాడు. అన్నం గంజి వార్చే గంగాళం దగ్గర సుందరరాజు నా తల మీద దుప్పటి కప్పి కూర్చోబెడుతున్నాడు. ఈ ఊరికి వచ్చి నెల కావస్తున్నది. నిజానికి ఈ ఆవిరి మొదలుపెట్టక ముందే కొంత తగ్గింది. కట్టెకు దూరంగా ఉండమన్నాడు డాక్టరు. మన ఊళ్ళో కట్టె లేని ఇల్లు లేదు. కాబట్టి నేను ఇక్కడ ఉండటమే మంచిదనిపిస్తున్నది. మీ అమ్మతో డాక్టరు చెప్పాడని చెప్పు.

గురప్ప


ముద్దలకండ్రిగ
18-1-1945

మామగారికి ఆనందమ్మ మొక్కులు.

డాక్టరు కట్టెకు దూరంగా ఉండమన్నాడు గానీ మాకు దూరంగా ఉండమనలేదు. ఆయన్ను సాకు చేసుకోవద్దని కోడలు రాయకూడదు. రాస్తున్నాను.

పాప రాత్రిళ్ళు ఏడుస్తున్నదని విసుగుపుట్టి మీరు కొట్టంలోకి మారారని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అది ఏడిస్తే నోటికి కొంగు అడ్డం పెట్టేదాన్ని, మీకు వినపడకూడదని. ఇప్పుడు మీ జాబు చదివాక తెలిసింది.

మరునాడు పొద్దెక్కేదాకా ఆగకుండా, అందరూ పోయే వేళకే బావికి పోయాను. ఆరుగురు ఉన్నారు. వరదమ్మ నీళ్ళు చేదుతున్నది. నేను, "వరదమ్మత్తా, ఆ పొద్దు గోడ మీది నుంచి నువ్వన్న మాటకు నేను జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెప్తా ఉండాను" అన్నాను.

"ఏ మాటమ్మీ?" అంది.

"మా మామ వాకిట్లో ఒకసారి, పెరటికాడ ఒకసారి గొంతు సవరించినాడు. నాకు వినబడినాది. వినీ ఊరికే ఉన్నాను. ఎద్దుకు ఆముదం కోసరం వచ్చినాడు. మా ఆయన పట్టాళానికి పోయిన్నాటి నుంచి ఆ మనిషి బూజు కట్టెలో తలపెట్టి పండుకున్నాడు. దేనికో తెలుసునా? నీ మాదిరి నోళ్ళకు భయపడి."

"నేనేదో ఎగతాళికి అంటి లేమ్మీ" అంది.

"నీ ఎగతాళికి మనిషి ఊరిడిసి పోయినాడు" అన్నాను.

ధైర్యంగా చెప్పానని అనుకోవద్దు. చేద తాడు చేతిలోంచి జారిపోయింది. కడవ బావి అడుగుకు పోయింది. ఎవరూ నవ్వలేదు. వట్టి చేతులతో ఇంటికి వచ్చాను. మా అమ్మ వాకిట్లోనే పట్టుకుని, "నీళ్ళకాడ నలుగురిలో ఆ మాటలు మాట్లాడేదానికి సిగ్గు లేదా నీకు?" అంది. "ఉండాది గాబట్టే" అన్నాను. అయినా ఆమె పౌర్ణమి గడువు మార్చలేదు.

కట్టెనంతా ఎల్లప్పతో చేను గట్టుకు చేర్పించాను. వరదమ్మ మొగుడు కూడా వచ్చి మోశాడు. ఆమె పంపిందో తానే వచ్చాడో అడగలేదు. ఆమె నాతో మాట్లాడటం లేదు. కొట్టం ఊడ్చి, పేడతో అలికి, గోడలకు సున్నం పూశాను. బూజు ఒక గంప నిండింది. పెరట్లో తడిక పీకేసి, నేనూ మా అమ్మా మట్టి తొక్కి నడుమెత్తు గోడ పెట్టాం. ఇంకొక రెండు వరుసలు పెట్టాలి, మట్టి ఆరాక.

నాకు ఇంకా తల ఎత్తాలంటే కష్టంగానే ఉంది. బావి దగ్గర చెప్పినంత మాత్రాన సిగ్గు పోలేదు. మీరు వచ్చాక మీ ఎదుట ఎలా తిరగాలో కూడా తెలియదు. అయినా రండి. పదిరోజులే ఉంది.

ఆనందమ్మ


తిరుపతి
24-1-1945

చిరంజీవి ఆనందమ్మకు.

నీ జాబు సుందరరాజుకు చదివి వినిపించాను. వినిపించకూడదనుకున్నాను గానీ, ఒక్కడినే పెట్టుకోలేకపోయాను. అతను గరిటె కింద పెట్టి, "బావా, నువ్వింక ఈడుంటే నీకు గంజి కూడా పొయ్యను" అన్నాడు.

ధనంజయకు నేనే జాబు రాశాను. ముక్కులో జబ్బని, కట్టె బూజు వల్ల వచ్చిందని, తగ్గుముఖం పట్టిందని రాశాను. మిగిలింది వాడు వచ్చాక నేను చెబుతాను, నువ్వు చెప్పవద్దు. వాడు అడిగింది నా చేతిరాతనే కదా.

శుక్రవారం పొద్దున బస్సుకు బయలుదేరుతాను. బస్సు సరిగ్గా నడిస్తే మధ్యాహ్నానికి ఊరు చేరతాను. పడక కొట్టంలోనే. కట్టె లేదు కాబట్టి గొంతుకు భయం లేదు. మీ అమ్మను తొందరపడి పోవద్దని చెప్పు. నేను ఉండగా నాలుగు రోజులు ఉండి, చూసి పొమ్మను.

నీకు సిగ్గు పోలేదని రాశావు. నాకూ పోలేదు. పోయినప్పుడు వస్తానంటే ఎప్పటికీ రాలేను. దాన్ని వెంటబెట్టుకునే వస్తున్నాను.

ఒక సంగతి. ఉప్పునీళ్ళు, ఆవిరి మానకూడదన్నాడు డాక్టరు. పూర్తిగా పోవడానికి నెలలు పడుతుందట. రోజుకు పదిసార్లయినా ఇంకా గీర వస్తున్నది. నేను గొంతు సవరిస్తే అది జబ్బో నేనో మళ్ళీ నీకు తెలియదు. ఇక ఆ పద్ధతి మన ఇంట్లో వద్దు. ఇన్నేళ్ళూ నీతో ఏ పని ఉన్నా పాపను పిలిచాను. శుక్రవారం వాకిట్లో నిలబడి ఆనందమ్మా అని నీ పేరు పెట్టి పిలుస్తాను. మామ కోడలిని వీధిలోంచి పేరు పెట్టి పిలవడం మన వాళ్ళలో లేదు. గోడ అవతల వరదమ్మ వింటుంది. విననీ.

నువ్వు లోపలి నుంచి గట్టిగా పలుకు. పలికేదాకా గడప దాటను.

గురప్ప